మెదడు ముందే నిర్ణయించేస్తే మన ఇష్టానికి చోటెక్కడ?

మీరు అడిగినదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మనం అనుకోకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని ప్రయోగాల్లో తేలిందట, నిజమేనా అన్నది మొదటిది. జన్యువులు, పెంపకం, పరిస్థితులు కలిసి మనల్ని నడిపిస్తుంటే స్వేచ్ఛాసంకల్పం అనేది వట్టి భ్రమేనా అన్నది రెండోది. భ్రమే అయితే కష్టపడి ప్రయత్నించడం దేనికి, తప్పు చేసినవాణ్ణి తప్పుపట్టడం దేనికి అన్నది మూడోది.

నేను నరాల వైద్యుణ్ణి. మెదడు దెబ్బతిన్నవాళ్లను ఏళ్ల తరబడి చూస్తూ, దాంతోపాటే తత్వశాస్త్రం చదువుకుంటూ వచ్చాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటిదానికి, కాదు, ఆ ప్రయోగాలు అంత పెద్ద మాట చెప్పడం లేదు. రెండోదానికి, మీరు ఏ స్వేచ్ఛ గురించి అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏ కారణమూ లేకుండా మనలోంచి తనంతట తాను పుట్టే సంకల్పం ఏదీ లేదు. మంచిచెడ్డలు విని, ఆలోచించి, దారి మార్చుకోగల శక్తి మాత్రం ఉంది. అది అందరికీ ఒకే పాళ్లలో ఉండదు, ఒకే మనిషికి అన్ని వేళలా ఒకేలా ఉండదు. మూడో ప్రశ్నకు జవాబంతా ఈ చివరి మాట మీదే ఆధారపడి ఉంది.

ముందు ప్రయోగాల సంగతి. ఈ చర్చంతా రాజుకుంది బెంజమిన్ లిబెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1983లో ప్రచురించిన పరిశోధనతో. దానికి పునాది అంతకుముందే పడింది. మనిషి తనంతట తాను వేలు కదిపేముందు, తలమీద పెట్టిన ఎలక్ట్రోడ్లలో ఒక విద్యుత్ సంకేతం నెమ్మదిగా పెరుగుతూ వస్తుందని 1965లో జర్మనీకి చెందిన కోర్న్‌హూబర్, డీకె చూపించారు. దాన్నే రెడీనెస్ పొటెన్షియల్ అంటాం. కదిలే ముందు మెదడు సిద్ధపడటంలో వింతేమీ లేదు. లిబెట్ వేసుకున్న ప్రశ్న వేరు. ఆ సిద్ధపాటు మొదలయ్యేసరికి మనిషికి "ఇప్పుడు కదుపుదాం" అన్న ఆలోచన వచ్చి ఉంటుందా, ఇంకా రాలేదా?

ప్రయోగంలో కూర్చున్న మనిషి ఎదురుగా ఒక తెర ఉంటుంది. దాని మీద ఒక వెలుగు చుక్క 2.56 సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిరుగుతుంటుంది. తలకూ, చేతి కండరానికీ ఎలక్ట్రోడ్లు అతికించి ఉంటాయి. అతనికి చెప్పేది ఇంతే: ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు మణికట్టు విదిలించండి, ముందుగా లెక్కలు వేసుకోకండి, కదపాలనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని తర్వాత చెప్పండి. ఇదే పని పదేపదే చేయించి, ఆ రికార్డులన్నిటి సగటు తీస్తారు. తేలింది ఏమిటంటే, కండరం కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సంకేతం పెరగడం మొదలైంది. "కదపాలనిపించింది" అని మనిషి చెప్పిన క్షణం మాత్రం కదలికకు 200 మిల్లీసెకన్ల ముందే. మధ్యలో సెకనులో మూడో వంతు తేడా ఉంది. ఇంకేముంది, మెదడు ముందే తేల్చేసింది, మనకు కబురు తర్వాత అందింది, కాబట్టి మన ఇష్టం అన్నది ఉత్తుత్తి వ్యవహారం అని చాలామంది తీర్మానించేశారు.

లిబెట్ మాత్రం అలా అనలేదు. ఈ విషయం చాలామందికి తెలియదు. కోరిక పైకి తేలాక కూడా దాన్ని ఆపెయ్యడానికి వందో నూటయాభయ్యో మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుందనీ, స్వేచ్ఛ ఆ ఆపడంలో ఉందనీ ఆయన చివరిదాకా వాదించారు. 2016లో బెర్లిన్ పరిశోధకులు దీన్ని ఇంకో పద్ధతిలో పరీక్షించారు. మనిషి మెదడు సంకేతాన్ని కంప్యూటర్ అప్పటికప్పుడు చదువుతూ, అతను కదలబోతున్నాడని పసిగట్టగానే ఎర్రదీపం వెలిగిస్తుంది. దీపం వెలిగితే అతను ఆగిపోవాలి. సంకేతం మొదలయ్యాక కూడా జనం ఆగగలిగారు. కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు వరకూ ఆపడం సాధ్యమే, ఆ గీత దాటాక ఆపడం కుదరదు. అంటే సంకేతం మొదలవడం, తీర్పు వచ్చెయ్యడం ఒకటి కాదన్నమాట.

అసలు ఆ సంకేతం ఏమిటన్న దగ్గరే 2012లో పెద్ద మలుపు వచ్చింది. ఆరన్ షర్గర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చెప్పినదాన్ని ఇలా ఊహించుకోండి. చెరువులో నీళ్లు గాలికి ఊరికే పైకీ కిందికీ ఊగుతుంటాయి. ఎప్పుడో ఒకసారి అల గట్టు దాటి పొర్లుతుంది. మీరు పొర్లిన సందర్భాలను మాత్రమే ఏరుకుని, పొర్లిన క్షణం నుంచి వెనక్కి చూస్తే, ప్రతిసారీ నీటిమట్టం అంతకుముందు నుంచీ పెరుగుతూనే కనిపిస్తుంది. పొర్లాలని చెరువు ముందే తీర్మానించుకున్నట్టు ఉంటుంది. నిజానికి ఊగిసలాటలో పొర్లినవాటినే మనం ఎంచుకున్నాం కాబట్టి అలా కనిపిస్తోంది. లిబెట్ పద్ధతిలో జరిగిందీ అదే. కదిలిన క్షణం దగ్గర కొలబద్ద పెట్టి, వెనక్కి కొలిచి, సగటు తీశారు. మెదడులో ఎప్పుడూ ఉండే ఆ ఊగిసలాటే సగటులో చక్కగా పైకెక్కే గీతగా మారింది. "ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు" అని చెప్పి, ఫలానా క్షణంలోనే కదపడానికి ఏ కారణమూ లేని స్థితిలో మనిషిని కూర్చోబెడితే, ఆ క్షణాన్ని ఊగిసలాట కాక ఇంకేం తేలుస్తుంది? ఈ వివరణే సంపూర్ణమని అందరూ ఒప్పుకోలేదు, చర్చ నడుస్తూనే ఉంది. "550 మిల్లీసెకన్ల ముందే మెదడు నిర్ణయం తీసేసుకుంది" అని ధీమాగా చెప్పే రోజులు మాత్రం పోయాయి.

ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యంగా కనిపిస్తుంది. మణికట్టు ఇప్పుడు విదిలించాలా, అర సెకను ఆగి విదిలించాలా అన్నది నిర్ణయమే కాదు. దాని వెనక ఏమీ లేదు, దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. ఉద్యోగం మానెయ్యడం, నిజం ఒప్పుకోవడం, క్షమించడం లాంటివి వేరు. 2019లో యూరి మావోజ్ అనే పరిశోధకుడి బృందం ఈ తేడానే పట్టుకుంది. రెండు స్వచ్ఛంద సంస్థల పేర్లు చూపించి, దేనికి విరాళం వెళ్లాలో ఎంచుకోమన్నారు. కొన్నిసార్లు ఎంపికకు నిజమైన ఫలితం ఉంటుంది. కొన్నిసార్లు ఏ మీట నొక్కినా రెండు సంస్థలకూ సమానంగానే వెళ్తుంది. ఫలితం లేని ఎంపికల్లో పాత రెడీనెస్ పొటెన్షియల్ మామూలుగానే కనిపించింది. ఫలితం ఉన్న ఎంపికల్లో అది దాదాపు కనిపించనే లేదు. ఏ సంకేతం మీద ఇంత పెద్ద మేడ కట్టారో, ఆ సంకేతం అసలైన నిర్ణయాల దగ్గరే మాయమైపోయింది.

ఎమ్మారై యంత్రంతో 2008లో చేసిన ప్రయోగం గురించి కూడా మీరు విని ఉంటారు. మనిషి ఎడమ మీట నొక్కుతాడో కుడి మీట నొక్కుతాడో ఏడు సెకన్లకు పైగా ముందే చెప్పగలిగారని వార్తలు హోరెత్తాయి. ఆ జోస్యం సుమారు 60 శాతం సార్లు నిజమైంది. కళ్లు మూసుకుని చెప్పినా 50 శాతం నిజమవుతుంది. మెదడులో ఒకవైపుకి కొంచెం మొగ్గు ముందే ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది, అంతకుమించి లేదు.

ఇంతవరకూ చదివి "హమ్మయ్య" అనుకుంటే తొందరపడ్డట్టే. లిబెట్ ప్రయోగం నన్నెప్పుడూ అంతగా కలవరపెట్టలేదు. కలవరపెట్టేవి వేరే ఉన్నాయి.

కెనడా శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ రోగి మెలకువగా ఉండగానే మెదడు ఆపరేషన్లు చేసేవారు. చేతిని కదిపే భాగాన్ని విద్యుత్తుతో తాకితే చెయ్యి లేచేది. రోగి మాత్రం "నేను కదపలేదు, మీరే కదిపారు" అనేవాడు. ఇది ఊరటనిచ్చే మాటే, ఎందుకంటే తనది ఏదో, తనది కానిది ఏదో మనిషికి తెలుస్తోంది. కానీ 2009లో ఫ్రాన్స్‌లో ఏడుగురు రోగుల మీద జరిగిన పరిశోధనలో కథ అడ్డం తిరిగింది. మెదడులో నడినెత్తి వెనకవైపు ఉండే పరైటల్ భాగాన్ని తాకితే రోగులకు చెయ్యో కాలో కదపాలన్న కోరికే పుట్టింది. కరెంటు పెంచితే, కండరం ఇసుమంత కూడా కదలకపోయినా, కదిపేశామని వాళ్లు నమ్మారు. అంటే "నాకే అనిపించింది" అన్న అనుభూతి కూడా తయారవగల వస్తువే. అది లోపల కలిగింది కాబట్టి అది నాదే అని చెప్పడానికి వీల్లేదు.

ఆస్పత్రిలో ఇది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. పార్కిన్‌సన్స్ జబ్బుకు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వాడతాం. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం చేసే పనిని అవి చేస్తాయి. వీటిని వాడేవాళ్లలో కొందరికి జూదం, మితిమీరిన కొనుగోళ్లు, తిండి, కామం లాంటి వాటి మీద అదుపు తప్పుతుంది. 2010లో 3,090 మంది రోగుల మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఈ రకం మందులు వాడేవాళ్లలో సుమారు 17 శాతం మందికి ఇలాంటి సమస్య కనీసం ఒకటి ఉన్నట్టు తేలింది. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన విషయం చెప్తాను. చేతి వణుకు బాగా తగ్గింది, నడక కుదురుకుంది. ఆయన అదే చెప్పి సంతోషపడుతుంటే పక్కన భార్య నేల చూపులు చూస్తూ కూర్చుంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది, రాత్రుళ్లు ఫోన్లో పందేలు ఆడుతున్నారని, దాచుకున్నదంతా కరిగిపోయిందని. "ఈయన జీవితంలో పేక ముట్టుకున్న మనిషి కాదండీ" అంది. ఎవరైనా బలవంతం చేశారా, బెదిరించారా అని ఆయన్నడిగాను. ఆయన కాసేపు ఆగి, "ఎవరూ లేరు డాక్టరుగారూ, నాకే ఆడాలనిపిస్తుంది. ఆడుతున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేస్తుంది" అన్నారు. మందు క్రమంగా తగ్గించి, వేరేది మార్చాం. కొన్ని వారాలకు ఆ కోరిక వచ్చిన దారినే పోయింది.

ఆ కోరిక ఆయన మెదడులోనే పుట్టింది. ఆయన చేతులే మీటలు నొక్కాయి. ఏం చేస్తున్నారో ఆయనకు తెలుసు. అయినా అది ఆయన స్వేచ్ఛగా చేసిన పని అని మీరు అనగలరా? నేను అనలేను. మరి మందు వల్ల వచ్చిన డోపమైన్ ప్రభావం స్వేచ్ఛను హరిస్తే, పుట్టుకతో వచ్చిన డోపమైన్ తీరు హరించదా? బాల్యంలో తిన్న దెబ్బల వల్ల వచ్చిన తీరు హరించదా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త రాబర్ట్ సపోల్స్కీ వాదన ఇదే. ఒక పనికి సెకను ముందు మెదడులో ఏం జరిగింది, దానికి ముందు హార్మోన్లు ఎలా ఉన్నాయి, దానికి ముందు బాల్యం, గర్భం, జన్యువులు అని వెనక్కి వెళ్తూ ఉంటే "నేను" దూరడానికి ఎక్కడా సందు దొరకదంటారు ఆయన. వాస్తవాల విషయంలో ఆయన చెప్పింది సబబే అనుకుంటాను. ముగింపు దగ్గరే నాకు పేచీ.

తత్వశాస్త్రంలో ఈ వాదనకు పదునైన రూపం అమెరికన్ తత్వవేత్త పీటర్ వాన్ ఇన్‌వాగన్ 1983లో ఇచ్చారు. అన్నీ కారణాల ప్రకారమే జరుగుతుంటే, నేనిప్పుడు చేసే పని నేను పుట్టకముందటి స్థితికీ, ప్రకృతి నియమాలకూ కలిపి వచ్చిన ఫలితం. నేను పుట్టకముందు ఏం జరిగిందో అది నా చేతిలో లేదు. ప్రకృతి నియమాలూ నా చేతిలో లేవు. కాబట్టి వాటి ఫలితమూ నా చేతిలో లేదు. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చడం ఎవరి తరమూ కాదు. క్వాంటం భౌతికశాస్త్రం వచ్చి ఈ గొలుసును తెంపేసిందని కొందరు సంబరపడతారు. పరమాణు స్థాయిలో నిజంగానే యాదృచ్ఛికత ఉంది అనుకుందాం. నా చెయ్యి లేవడం ఒక ఎలక్ట్రాన్ గాలివాటంగా అటు దూకడం వల్ల జరిగితే, అది నా ఇష్టం ఎలా అవుతుంది? గతానికి బానిసగా ఉండే బదులు లాటరీకి బానిసనవుతాను. క్వాంటం వైపు నుంచి ఇక్కడ పెద్దగా ఒరిగేదేమీ లేదు.

బ్రిటిష్ తత్వవేత్త గేలెన్ స్ట్రాసన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు. నేను చేసే పని నా స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆ పనికి పూర్తి బాధ్యత నాదే కావాలంటే ఆ స్వభావాన్ని నేనే తయారుచేసుకుని ఉండాలి. దాన్ని తయారుచేసుకోవడానికి అంతకుముందే నాకొక స్వభావం ఉండాలి. ఇలా వెనక్కి వెళ్తే అంతు ఉండదు. ఏ మనిషీ తనను తాను మొదటి నుంచీ సృష్టించుకోలేడు. ఈ వాదన నాకు తిరుగులేనిదిగా కనిపిస్తుంది. ప్రపంచం కారణాల ప్రకారం నియతంగా నడిచినా, యాదృచ్ఛికంగా నడిచినా ఇది నిలబడుతుంది. అందుకే మొదట్లోనే చెప్పాను, కారణం లేకుండా తనంతట తాను పుట్టే సంకల్పం లేదని. దానికి మెదడు స్కాన్లు కూడా అక్కర్లేదు. ఆ ఆలోచనే తనలో తాను పొసగదు.

మరి మిగిలింది ఏమిటి? నా లెక్కలో చాలా మిగిలింది. మనం రోజూ మాట్లాడేది దాని గురించే కూడా. 1748లో స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చెప్పింది ఇదే దారి. మనిషి చెయ్యాలనుకుంటే చెయ్యగలగడం, వద్దనుకుంటే మానగలగడం, సంకెళ్లూ బెదిరింపూ లేకపోవడం, అదే స్వేచ్ఛ. కారణాలు ఉండటం దానికి అడ్డు కాదు. ఎవరో తుపాకీ పెట్టి సంతకం చేయించడానికీ, చదివి, బాగుందనిపించి సంతకం పెట్టడానికీ తేడా ఉంది. రెండింటి వెనకా కారణాలున్నాయి. తేడా కారణం ఉందా లేదా అన్నదాంట్లో లేదు, అది ఏ దారిన వచ్చిందన్నదాంట్లో ఉంది.

హ్యూమ్ చెప్పినదొక్కటే చాలదు. నా రోగి కూడా చెయ్యాలనుకున్నదే చేశాడు కదా, ఆడాలనిపించింది, ఆడాడు. ఈ లోటును 1971లో అమెరికన్ తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ పూరించే ప్రయత్నం చేశారు. మనిషికి కోరికలే కాదు, తన కోరికల గురించి కూడా కోరికలుంటాయి. సిగరెట్ తాగాలనిపిస్తుంది, అలా అనిపించకుండా ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. ఏ కోరిక నన్ను నడపాలని నేను మనసారా ఒప్పుకుంటానో ఆ కోరికే నన్ను నడిపితే అది నా ఇష్టం. ఆ పెద్దాయన కోరిక ఆయన ఒప్పుకున్న కోరిక కాదు. "నా మీద నాకే అసహ్యం వేస్తుంది" అన్నప్పుడు ఆయన ఈ సిద్ధాంతాన్నే తన మాటల్లో చెప్పారు.

దీనికి నేనొక పరీక్ష జతచేస్తాను. కారణం మారితే పని మారుతుందా? మామూలు మనిషికి "దాచుకున్నదంతా పోతోంది, ఇంటావిడ ఏడుస్తోంది" అన్నది ఆగడానికి చాలినంత కారణం. అది చెవిన పడుతుంది, బరువు తూగుతుంది, చేతిని ఆపుతుంది. మందు ప్రభావంలో ఉన్నప్పుడు అదే కారణం చెవిన పడుతుంది, అర్థమూ అవుతుంది, కానీ చేతి దాకా చేరదు. మెదడు ముందుభాగంలో ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పనుల్లో ముఖ్యమైనది ఇదే. ఇప్పటి ఉబలాటాన్ని కాసేపు ఆపి, రేపటి సంగతీ ఎదుటివాడి సంగతీ తక్కెడలోకి తేవడం. గడ్డ వచ్చినా, దెబ్బ తగిలినా, మత్తులో ఉన్నా, నిద్ర చాలకపోయినా అది సరిగ్గా పనిచెయ్యదు. పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యో పడి మధ్య దాకా పడుతుంది. అందుకే స్వేచ్ఛ ఉందా లేదా అని అడిగితే నాకు ప్రశ్నే కొరుకుడు పడదు. ఎంత ఉంది, ఎవరికి, ఏ వేళలో అని అడిగితే చెప్పడానికి చాలా ఉంది.

"అయినా చేసింది న్యూరాన్లే, అంటే మెదడు కణాలే కదా, నువ్వు కాదు కదా" అనేవాళ్లు ఉంటారు. ఈ మాటలో ఒక తిరకాసు ఉంది. నేనొక పక్కనా, నా న్యూరాన్లు ఒక పక్కనా నిలబడి పోటీ పడుతున్నట్టు అది ముందే ఊహించుకుంటోంది. లెక్క చేసే పిల్లవాడి మెదడులో న్యూరాన్లు పనిచేస్తున్నాయి కాబట్టి ఆ పిల్లవాడు లెక్క చెయ్యలేదని ఎవరూ అనరు. ఆలోచించడం అన్న పనిని మెదడు కణాలు అలాగే చేస్తాయి. ఆలోచన నిజంగా జరిగిందా, దాని ఫలితం పని దాకా చేరిందా అన్నదే అసలు సంగతి. సపోల్స్కీ గొలుసులో "నేను" దూరడానికి సందు లేదన్నది నిజమే. కానీ నేను ఆ గొలుసుకు బయట లేను. ఆలోచించి తూచి చూసే ఆ భాగం గొలుసులో ఒక లంకె, అది నేనే. వృత్తి తత్వవేత్తల్లో 2020లో జరిగిన పెద్ద సర్వేలో సుమారు 59 శాతం మంది ఇలాంటి వైఖరివైపే మొగ్గారు. అసలు స్వేచ్ఛే లేదన్నవాళ్లు 11 శాతం దాకా ఉన్నారు. సత్యం ఓట్లతో తేలదు, కానీ "శాస్త్రం దీన్ని ఎప్పుడో కొట్టిపారేసింది" అనేవాళ్లకు ఈ అంకె తెలిసి ఉండటం మంచిది.

ఇక ప్రయత్నం దేనికి అన్న ప్రశ్న. ఇది చాలా పాతది. బుద్ధుడి కాలంలోనే ఆజీవకులనే సన్యాసుల శాఖకు గురువైన మక్ఖలి గోశాలుడు, మనిషి ప్రయత్నానికి ఏ బలమూ లేదు, అంతా నియతి ప్రకారమే నడుస్తుంది, మూర్ఖుడికైనా పండితుడికైనా దుఃఖం తీరేది ఒకే కాలానికి అని బోధించాడు. బుద్ధుడు ఆ బోధను గట్టిగా ఖండించాడు. గ్రీకుల్లోనూ ఇదే రగడ. "జబ్బు తగ్గాలని రాసి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది, తగ్గదని రాసి ఉంటే పిలిచినా తగ్గదు, మరి పిలవడం దేనికి?" అని ఒక వాదం ఉండేది. దాన్ని సోమరి వాదం అనేవారు. స్టోయిక్ తత్వవేత్త క్రిసిప్పస్ దానికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ సరిపోతుంది. జబ్బు తగ్గాలని నియతమై ఉంటే, వైద్యుణ్ణి పిలవడం వల్ల తగ్గాలని నియతమై ఉండొచ్చు. అప్పుడు పిలవడం కూడా ఆ నియతిలో భాగమే. అన్నిటికీ కారణాలుండటం వేరు, మనమేం చేసినా జరిగేది జరుగుతుందనడం వేరు. మొదటిది నియతివాదం. రెండోది నుదుటిరాత మీద భారం వేసి చేతులు ముడుచుకోవడం. మొదటిది నిజమైతే రెండోది అబద్ధమే అవుతుంది, ఎందుకంటే కారణాల గొలుసులో మన ప్రయత్నం కూడా ఒక కారణం. దాన్ని తీసేస్తే ఫలితం మారిపోతుంది.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఈ రెండు స్వరాలూ పక్కపక్కనే వినిపిస్తాయి. యుద్ధం చెయ్యను అని నువ్వనుకున్నా నీ ప్రకృతే నీ చేత చేయిస్తుంది, నీ స్వభావానికి కట్టుబడి వివశుడివై చేస్తావు అని 59, 60 శ్లోకాల్లో చెప్పి, 63కి వచ్చేసరికి "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అంటాడు కృష్ణుడు. ఇదంతా పూర్తిగా ఆలోచించుకుని, అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమని. వ్యాఖ్యాతలు దీన్ని తమ తమ సిద్ధాంతాల ప్రకారం సమన్వయం చేసుకున్నారు. నన్ను ఆకట్టుకునేది ఆ వరస. స్వభావం బలమెంతో ముందు చెప్పాడు. ఇష్టం మాట ఎత్తేముందు ఆలోచించుకోమన్నాడు.

ఆచరణలో దీనివల్ల తేడా ఏమిటంటే, మనసును గట్టిచేసుకోవడం ఒక్కటే మార్గమనుకునే అలవాటు పోతుంది. కోపం అదుపు కానివాడు కోపం వచ్చిన క్షణంలో తనతో తాను యుద్ధం చేసి గెలవాలని చూస్తాడు, సాధారణంగా ఓడిపోతాడు. ఆ క్షణంలో అతని స్వేచ్ఛ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. స్వేచ్ఛ ఎక్కువగా ఉన్న ప్రశాంతమైన వేళలో, తక్కువగా ఉండే వేళకు ఏర్పాట్లు చేసుకోవాలి. "ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తాను" అని ముందే స్పష్టంగా అనుకుని ఉంచుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్, ఆయన తర్వాత మరెందరో చూపించారు. గొంతు లేస్తోందని తెలియగానే గదిలోంచి బయటికి వెళ్తాను అన్నంత చిన్న ఏర్పాటు కూడా పనిచేస్తుంది. నిద్ర, మందు, వైద్యం, స్నేహితుడికి ముందే మాట ఇచ్చి ఉంచడం, ఇవన్నీ సంకల్పానికి ఊతాలే. వాటిని వాడుకోవడం బలహీనత అని నేనెప్పుడూ అనుకోను.

తప్పుపట్టడం గురించి నేను సపోల్స్కీకి చాలా దగ్గరగా ఉంటాను. ఎవడూ తన స్వభావాన్ని మొదటి నుంచీ తయారుచేసుకోలేదని ఒప్పుకున్నాక, "వాడు బాధపడాల్సిందే, బాధపడటమే న్యాయం" అన్న మాటకు ఆధారం నాకు కనిపించదు. ఇతరుల్ని కాపాడటానికి ఆపడం, సరిదిద్దడం, జరిగిన నష్టం కట్టించడం, ఇవి నిలుస్తాయి. పగ నిలవదు. అయితే నొచ్చుకోవడం, కృతజ్ఞత, క్షమాపణ అడగడం కూడా వదిలెయ్యాలా? అక్కర్లేదని 1962లో పి.ఎఫ్. స్ట్రాసన్ చెప్పిన కారణం నాకు నచ్చుతుంది. ఈయన గేలెన్ తండ్రి, కొడుకు వాదనకు పూర్తిగా ఎదురు వాదన చేసినవాడు. ఒకరి మనసు మనపట్ల ఎలా ఉందన్నది మనకు ముఖ్యం కాబట్టి అవి పుడతాయి. తెలియక కాలు తొక్కినవాణ్ణి, కావాలని తొక్కినవాణ్ణి మనం ఒకేలా చూడం. మనుషుల మధ్య ఉండటమంటేనే అది. విశ్వం ఎలా నడుస్తుందన్న సిద్ధాంతం తేలేదాకా దాన్ని ఆపి ఉంచడం సాధ్యం కాదు, అవసరమూ లేదు.

చట్టం దగ్గరే చిక్కు ఎక్కువ. 1843లో ఇంగ్లండులో మెక్‌నాటన్ కేసు తర్వాత, మతిస్థిమితం లేదన్న వాదనను తేల్చడానికి వచ్చిన నియమం, నిందితుడికి తాను చేస్తున్నదేమిటో తెలుసా, అది తప్పని తెలుసా అని మాత్రమే అడుగుతుంది. ప్రపంచంలో చాలా దేశాల చట్టాలు ఇప్పటికీ ఈ చాయలోనే ఉన్నాయి. నేను పైన చెప్పిన పెద్దాయనకు రెండూ తెలుసు. ఆయన పోగొట్టుకున్నది తెలివిడి కాదు, ఆపుకునే శక్తి. అమెరికాలో 1962 నాటి నమూనా శిక్షాస్మృతి ఆపుకునే శక్తిని కూడా లెక్కలోకి తెచ్చింది. కానీ అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపిన వ్యక్తి 1982లో మతిస్థిమితం లేదన్న కారణంతో శిక్ష తప్పించుకోవడంతో జనం మండిపడ్డారు, 1984లో ఫెడరల్ చట్టం ఆ భాగాన్ని తీసేసింది. మరోవైపు 2005లో అదే దేశపు సుప్రీంకోర్టు, 18 ఏళ్లు నిండకముందు చేసిన నేరానికి మరణశిక్ష వెయ్యకూడదని తీర్పిచ్చింది. ఆ వయసువాళ్లకు నిదానం తక్కువ, ప్రభావాలకు లొంగడం ఎక్కువ, స్వభావం ఇంకా స్థిరపడలేదు అన్నవి అది చెప్పిన కారణాలు. తెలివిడితోపాటు ఆపుకునే శక్తినీ చూడాలనే నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఫలానా మనిషి ఫలానా రాత్రి ఆపుకోలేకపోయాడా, ఆపుకోలేదా అన్నది చూపించే స్కాన్ ఏదీ మా దగ్గర లేదు. మెదడు బొమ్మ ఒకటి తెచ్చి, రంగులు చూపించి, అది తేలిపోయిందని నా చేత సంతకం పెట్టించుకోవాలని ఎవరైనా వస్తే, నేను పెట్టను.